కొలత ఎవరి చేతిలో ఉంది: శాండో బనీను నుంచి ట్రెడ్‌మిల్ దాకా

జనగామ బట్టల దుకాణంలో చేతుల్లేని బనీను కావాలంటే "శాండో" అంటే చాలు, ఇంకో మాట అక్కర్లేదు. మానుకోటలోనైనా, భూపాలపల్లిలోనైనా అంతే. అది ఒక మనిషి పేరని ఎరిగినవాళ్లు మాత్రం అరుదు. యూజెన్ శాండో 1867లో అప్పటి ప్రష్యాలోని కోనిగ్స్‌బర్గ్‌లో పుట్టాడు. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఫ్రెడరిక్ విల్‌హెల్మ్ ముల్లర్. కండలు తీరిన ఒంటిని రంగస్థలం మీద చూపి లండన్ జనాన్ని కట్టిపడేసిన ఈ పైల్వాన్ 1904-05లో మన దేశంలోనూ పర్యటించాడు. 1901 సెప్టెంబర్ 14న లండన్ రాయల్ ఆల్బర్ట్ హాలులో అతను పెట్టిన దేహదారుఢ్య పోటీకి న్యాయనిర్ణేతల్లో ఒకరు షెర్లాక్ హోమ్స్ కథల రచయిత ఆర్థర్ కానన్ డాయిల్. ప్రదర్శనలతో వచ్చిన పేరు అంతదాకా వెళ్లింది. ఆ పేరును అతను సరుకుగా మార్చాడు. ఇంట్లో వ్యాయామానికి సామాను అమ్మే వ్యాపారం ఇవాళ మనం చూస్తున్న రూపానికి రావడంలో అతని చెయ్యి చాలా ఉంది.

అతను అమ్మినవాటిలో పేరుపడ్డది స్ప్రింగు డంబెల్. నిలువునా చీల్చిన రెండు ముక్కల మధ్య ఉక్కు స్ప్రింగులుంటాయి. పిడికిలి బిగించి ఆ రెండు ముక్కలనూ కలిపి పట్టుకుని చేతులు ఆడించాలి. దానితో పాటు గోడకు తగిలించి లాగే సాధనం, ఒక పుస్తకం, ఒక పత్రిక, పోస్టులో పాఠాలు. గురువు దగ్గరికి పోనక్కర్లేదు, నలుగురిలో చొక్కా విప్పనక్కర్లేదు. అయితే శాండో ఒళ్లు ఆ తేలికపాటి డంబెల్‌తో తయారైంది కాదు. లూయీ అట్టిలా అనే శిక్షకుడి చేతికింద భారీ బరువులెత్తి కట్టుకున్న ఒళ్లు అది. బొమ్మలో కనిపించే ఒళ్లొకటి, పెట్టెలో వచ్చే వస్తువొకటి. ఆ డంబెల్ పనికిరానిదని నేననను, చేతులాడించినవాడికి ఎంతో కొంత మేలు జరిగే ఉంటుంది. కానీ ఈ బొమ్మకూ ఆ వస్తువుకూ మధ్య ఉన్న ఎడాన్ని కొనేవాడికి ఎవరూ చెప్పలేదు. నూట ఇరవై ఏళ్లుగా ఈ వ్యాపారంలో నిజాయితీ మీద రేగిన తగాదాలు చాలావరకు ఆ ఎడంలో పుట్టినవే.

అంతకుముందు ఇక్కడ అలాంటి ఎడానికి చోటు లేదు. తెలంగాణ పల్లెల్లో, పట్నాల్లో కసరత్తుకు ఉన్న చోటు తాలీంఖానా. ఎర్రమట్టి గోదా, ముద్గరాలు, కర్రసాము, దండీలు, బస్కీలు. ఉస్తాదు ఎన్ని దండీలు తీయగలడో శిష్యులు రోజూ కళ్లారా చూస్తారు. ఊరి నడుమ రాతిగుండు ఎత్తే పందెంలో గుండు బరువు ఎవరూ రాసిపెట్టరు. కానీ నిరుడు దాన్ని ఎవరు మోకాళ్ల దాకా లేపారో, ఎవరు భుజానికెత్తారో ఊరందరికీ గుర్తే. కొలత అందరి కళ్లముందు ఉండేది. కాకతీయుల కాలం నుంచి తెలుగువాళ్ల సాముగరిడీలు, వినోదాల సంగతి సురవరం ప్రతాపరెడ్డి 1949లో వచ్చిన తన సాంఘిక చరిత్రలో ఏరి పెట్టారు. అందుకు ఆయనకు అక్కరకొచ్చిన ప్రాచీనుల్లో పాల్కురికి సోమనాథుడు ఒకడు. ఇవాళ జనగామ జిల్లాలో ఉన్న పాలకుర్తి ఆ కవి ఊరు. పండితారాధ్య చరిత్రలోని పర్వత ప్రకరణంలో శివరాత్రికి శ్రీశైలం చేరిన జనం ఆటలు, విద్యలు కనబడతాయి. అక్కడ కూడా విద్య అంటే నలుగురి నడుమ చేసి చూపేదే.

తాలీంఖానా ఉస్తాదులందరూ సత్యవంతులని దీని అర్థం కాదు. పైల్వాన్ల గొప్పల మీద కథలు ఎప్పుడూ ఉన్నాయి. వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడిని "కలియుగ భీముడు" అనీ, "ఇండియన్ హెర్క్యులస్" అనీ పిలిచారు. ఏనుగును ఛాతీ మీద నిలబెట్టుకోవడం, ఇనుప గొలుసులు తెంచడం అతని ప్రదర్శనల్లో భాగం. జనం చెప్పుకునేటప్పుడు ఏనుగు కొంచెం పెరిగే ఉంటుంది. కానీ టిక్కెట్టు కొన్నవాడు గుడారంలో కూర్చుని ఏనుగును చూశాడు. అనుమానం ఉన్నవాడు లేచి అడగగలడు. పేరు చెప్పి అడిగితే జవాబు చెప్పవలసిన మనిషి ఎదురుగా ఉన్నాడు. 1946 నాటికి, అప్పటి నల్గొండ జిల్లా జనగామ తాలూకాలో ఆంధ్ర మహాసభ సంఘం వలంటీర్ల చేతికి కర్రలొచ్చి, జనం దాన్ని గుత్పల సంఘం అని పిలుచుకున్న రోజుల్లో, కర్ర పట్టడం నేర్చుకోవడం ఒంటి సోకు కోసం కాదు. ఆ ఏడాది జూలై 4న కడవెండిలో సంఘం కార్యకర్త దొడ్డి కొమరయ్య తూటాకు నేలకొరిగాడు. దేహబలం ఒక ఊరి ఉమ్మడి అవసరంగా ఉన్న కాలం అది. ఆ బలాన్ని పెట్టెలో పెట్టి అమ్మే మనిషి అప్పుడు ఈ ఊళ్లకు వచ్చి ఉంటే ఎవరికి అమ్మేవాడో ఊహించలేను.

పెట్టె పోస్టులో వచ్చింది. బ్రిటిషిండియా తపాలాలో 1877లో మొదలైన వీపీపీ పద్ధతి దూరపు దుకాణాన్ని గడప దాకా తెచ్చింది. ఉత్తరం రాస్తే చాలు, సరుకొస్తుంది. పోస్టుమాన్‌కు డబ్బిచ్చాకే పొట్లం చేతికందుతుంది. ముందు డబ్బు, తర్వాత విప్పడం. విప్పి చూశాక నచ్చకపోతే పోస్టుమాన్ ఏం చేయగలడు? ఇవాళ్టి క్యాష్ ఆన్ డెలివరీ పెట్టెకూ ఇదే కథ. సరుకును చేత్తో పట్టుకుని, తిప్పి చూసి, పక్కవాడితో బేరమాడించి కొనే అంగడి పద్ధతి అక్కడ తెగిపోయింది. అంగట్లో ఎద్దును కొనేవాడు పళ్లు చూస్తాడు, నడిపించి చూస్తాడు. పోస్టులో వచ్చే ఎద్దుకు పళ్లు చూసేదెవరు?

ప్రకటన మాటకు కట్టుబాటు ఉంటుందా అన్న ప్రశ్నకు ఇంగ్లండు కోర్టు 1892 డిసెంబర్‌లో ఒక జవాబిచ్చింది. కార్బాలిక్ స్మోక్ బాల్ అనే పొగ ఉండను చెప్పినట్టు వాడినా ఇన్‌ఫ్లుయెంజా వస్తే వంద పౌండ్లిస్తామని కంపెనీ ప్రకటించింది. కార్లిల్ అనే ఆమె వాడింది, జబ్బు పడింది, డబ్బడిగింది. అది ఉత్త గొప్ప మాట, వాగ్దానం కాదని కంపెనీ వాదించింది. కోర్టు వినలేదు. బ్యాంకులో వెయ్యి పౌండ్లు వేశామని చెప్పుకుని మరీ ఇచ్చిన మాట వాగ్దానమే అంది. వరంగల్‌లో లా చదివే పిల్లలు ఇవాళ్టికీ మొదటి ఏడాదిలో ఈ కేసు చదువుతారు. అయితే ఈ తీర్పు నుంచి వ్యాపారులు నేర్చుకున్న పాఠం వేరు. అంకె వేసి మాటిస్తే చిక్కుతాం, అంకె లేకుండా మురిపిస్తే చిక్కం.

మన దేశం ఈ విషయంలో 1954లోనే ఒక చట్టం చేసింది. మందులు, మంత్రపు చికిత్సల అభ్యంతరకర ప్రకటనల చట్టం అది. దాని షెడ్యూలులో స్థూలకాయం ఉంది, మనిషి ఎత్తు ఉంది. అంతకంటే ముఖ్యం, ఆ చట్టంలో "మందు" అంటే మాత్రలు, కషాయాలే కావు. శరీర నిర్మాణాన్ని గానీ, అవయవాల పనిని గానీ మార్చడానికి ఉద్దేశించిన వస్తువు, తిండి తప్ప ఏదైనా, ఆ నిర్వచనంలోకి వస్తుంది. పొట్ట కరిగిస్తానని చెప్పుకునే బెల్టును కూడా ఈ మాటల కింద నిలదీయవచ్చునని నాకనిపిస్తుంది. కానీ వారపత్రికల వెనక పేజీల్లో ఎత్తు పెంచే సాధనాలు, ఛాతీ పెంచే సాధనాలు దశాబ్దాల పాటు అచ్చవుతూనే ఉన్నాయి. 1960ల్లో జర్మనీలో పుట్టి, తర్వాత మన పత్రికల్లోనూ విరివిగా కనిపించిన బుల్‌వర్కర్ ఆ వరసలో పేరున్నది. దాని వెనక నిజమైన శాస్త్రం కొంత ఉంది. 1953లో హెట్టింగర్, ముల్లర్ అనే జర్మన్ శాస్త్రవేత్తలు కండరాన్ని కదల్చకుండా కొన్ని సెకండ్లు బిగించినా బలం వారానికి 5 శాతం దాకా పెరుగుతుందని రాశారు. తర్వాతి ప్రయోగాలకు అంత పెరుగుదల కనబడలేదు. శాస్త్రం తన అంకెను దిద్దుకుంది. ప్రకటనలకు అలా దిద్దుకునే అలవాటు లేదు.

ఇక్కడ ఇనుగుర్తిని తలుచుకోకుండా ముందుకు పోలేను. ఇవాళ మహబూబాబాద్ జిల్లాలో ఉన్న ఆ ఊరి నుంచి ఒద్దిరాజు సోదరులు, సీతారామచంద్రరావు, రాఘవరంగారావు, 1922లో "తెనుగు" వారపత్రిక తెచ్చారు. నిజాం రాజ్యంలో, రైలు కూడా ఆగని పల్లెలో, అచ్చుయంత్రం పెట్టి. విజ్ఞాన ప్రచారిణీ గ్రంథమాల పేరుతో పుస్తకాలూ వేశారు. వస్తువు ఎలా పనిచేస్తుందో మామూలు మనిషికి వాడి భాషలో తెలియాలన్న పట్టుదల ఆ పేరులోనే ఉంది. ఇన్నేళ్ల తర్వాత వ్యాయామ సామాను గురించి అలాంటి తెలుగు రాత ఎంత ఉందని వెతికితే, దొరికేది చాలా వరకు అమ్మేవాళ్ల రాతే.

అసలు ఈ సామాను ఇంటికి రావలసిన అవసరం ఎలా పుట్టింది? పని ఒంటి నుంచి జారిపోవడం వల్ల. విసుర్రాయి పోయి గిర్నీ వచ్చింది, రోకలి పోయి మిల్లు వచ్చింది, మోటబావి పోయి బోరు మోటరు వచ్చింది. సింగరేణిలో తట్టా చెమ్మాస్‌తో బొగ్గు నింపి టబ్బుల లెక్కన కూలి తీసుకున్న తరం పోయి, ఎస్‌డీఎల్, ఎల్‌హెచ్‌డీ యంత్రాలు నడిపే తరం వచ్చింది. భూపాలపల్లి చుట్టుపక్కల ఓపెన్‌కాస్టులో పనంటే ఇప్పుడు చాలామందికి సీటులో కూర్చుని చేసేదే. ఇవేవీ పోయినందుకు నాకు బెంగ లేదు. ఆ శ్రమలో ఎంత నలుగుడు ఉందో, ఎంతమంది నడుములు విరిగాయో తెలిసినవాళ్లెవరూ దాన్ని వ్యాయామమని పొగడరు. కానీ షుగరు, బీపీ అన్న మాటలు తండా తండాకూ చేరాయి. డాక్టరు నడవమన్నాడు. నడవడానికి బజారులో చోటు లేదు, ఆడవాళ్లకు వీధిలో నడిచే వీలు అంతకంటే లేదు. ఆ సందు చూసుకుని పెట్టె మళ్లీ తలుపు తట్టింది.

ఈసారి టీవీలో. జెమిని, ఈటీవీ 1995లో మొదలయ్యాక, పగటి ఖాళీ గంటల్లోనూ అర్ధరాత్రి తర్వాతా తెలుగు గొంతులద్దిన విదేశీ ప్రకటనలు గంటల తరబడి నడిచే కాలం వచ్చింది. ఒంట్లోకి కరెంటు పంపి కూర్చున్నచోటే పొట్ట కరిగించే బెల్టు, చెమట పట్టించే బెల్టు, కాళ్లతో తన్ని లాగే స్ప్రింగు. ఆ మాటలు మనకు కొత్త, అమెరికాకు కాదు. కరెంటుతో కండరాలను అదిరించే రిలాక్సిసైజర్ అనే యంత్రం అక్కడ 1949 నుంచి నాలుగు లక్షల దాకా అమ్ముడుపోయింది. ప్రమాదకరమని 1970లో లాస్ ఏంజిలిస్ ఫెడరల్ కోర్టు దాన్ని ఆపించింది. ముప్ఫై ఏళ్లకు అదే ఆలోచన బెల్టు వేషంలో తిరిగొచ్చింది. 2002 మేలో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఏబీ ఎనర్జైజర్, ఏబ్‌ట్రానిక్, ఫాస్ట్ ఏబ్స్ అనే మూడు బెల్టులవాళ్ల మీద ఒకేసారి దావాలు వేసింది. 2012 ఆగస్టులో ఏబ్ సర్కిల్ ప్రో అమ్మినవాళ్ల దగ్గర రెండున్నర కోట్ల డాలర్ల దాకా కొన్నవాళ్లకు తిరిగిప్పించే ఒప్పందం చేసింది. రోజుకు మూడు నిమిషాలు దాని మీద ఊగితే వంద సిటప్‌లతో సమానమనీ, రెండు వారాల్లో పది పౌండ్లు తగ్గుతారనీ ఆ ప్రకటన.

పొట్ట మీద పనిచేస్తే పొట్ట కొవ్వే కరుగుతుందన్నది ఈ వ్యాపారమంతటికీ మూలస్తంభం. 1984లో అమెరికాలో కాచ్ అనే శాస్త్రవేత్త బృందం పదమూడు మంది మగవాళ్ల చేత 27 రోజుల్లో తలా 5,004 సిటప్‌లు తీయించింది. ముందూ వెనకా పొట్ట, పిరుదు, వీపు దగ్గర కొవ్వు కణాలను సూదితో తీసి కొలిచింది. కణాలు చిన్నవైతే మూడుచోట్లా ఒకే తీరుగా అయ్యాయి, పొట్టకంటూ ప్రత్యేకత లేదు. అంటే టీవీలో ఆ ప్రకటనలు తెలుగులో మోగడానికి ఎన్నో ఏళ్ల ముందే జవాబు సిద్ధంగా ఉంది. మన డ్రాయింగు రూముకు మాత్రం ప్రకటనే ముందొచ్చింది.

మన చట్టం అప్పుడేం చేస్తోంది? 1969 నాటి ఎంఆర్‌టీపీ చట్టానికి 1984లో చేసిన సవరణ, అనుచిత వ్యాపార పద్ధతులను నేరుగా పేర్కొంది. తగిన పరీక్ష లేకుండా వస్తువు సత్తా గురించి హామీ ఇవ్వడం వాటిలో ఒకటి. ఆ మాట ఇలాంటి సామానుకు అచ్చుగుద్దినట్టు సరిపోతుంది. ఆ చట్టం కింద ఫిర్యాదులు వినే ఎంఆర్‌టీపీ కమిషన్ ఢిల్లీలో ఉండేది. 1986 వినియోగదారుల రక్షణ చట్టంతో జిల్లా ఫోరాలు వచ్చాక జనగామవాడికీ, భూపాలపల్లివాడికీ వరంగల్ దాకా పోతే వినేవాళ్లు దొరికారు. కానీ రెండు వేల రూపాయల బెల్టు కోసం పని మానుకుని ఎన్ని వాయిదాలకు తిరుగుతారు? 2009 సెప్టెంబర్ 1న ఎంఆర్‌టీపీ చట్టం రద్దయింది. ఇలాంటి సరుకుల ప్రకటనలను తనంతట తాను విచారించి ఆపించగల కేంద్ర సంస్థ మళ్లీ వచ్చింది 2020 జూలైలో, 2019 వినియోగదారుల రక్షణ చట్టం అమల్లోకి వచ్చినప్పుడు. నడుమ దాదాపు పదకొండేళ్లు. టెలిషాపింగు, ఆ తర్వాత ఆన్‌లైన్ అంగళ్లు పల్లె పల్లెకూ పాకింది సరిగ్గా ఆ పదకొండేళ్లలోనే. ఈ వ్యాపారపు చరిత్ర రాసేవాళ్లు ఈ ఖాళీని పెద్ద అక్షరాలతో రాయాలి.

అలాగని జనగామ, మానుకోట (మహబూబాబాద్), భూపాలపల్లి జిల్లాల జనం మోసాన్ని ఎరగని అమాయకులని అనుకుంటే అంతకు మించిన పొరపాటు లేదు. 1997-98లో పత్తి పోయి, అప్పు పెరిగి, నాసిరకం పురుగుమందులు ఇంటికి చావు తెచ్చిన ఉమ్మడి వరంగల్ జిల్లా ఇది. డబ్బా మీద రాత నమ్మడమంటే ఏమిటో వరంగల్ రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 2006లో బీటీ పత్తి విత్తనాల మీద వసూలు చేస్తున్న రాయల్టీ మీద ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎంఆర్‌టీపీ కమిషన్‌కు ఎక్కింది. పదహారు వందలు దాటిన 450 గ్రాముల ప్యాకెట్టు 750 రూపాయలకు దిగింది. 2012 జనవరి 16న నేషనల్ సీడ్స్ కార్పొరేషన్, మధుసూదన్ రెడ్డి కేసులో, విత్తనం కొన్న రైతు వినియోగదారుడేనని సుప్రీంకోర్టు తేల్చింది. తగాదా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతులది. విత్తనాల చట్టం వేరే ఉంది కదా, వినియోగదారుల ఫోరానికి ఎందుకొచ్చారన్న కంపెనీల వాదన నిలవలేదు. కేసముద్రం మార్కెట్‌కు పంట తోలిన రైతు తేమ మీటరు ముందు నిలబడి కొట్లాడతాడు. పత్తిలో తేమ 8 శాతం దాటితే ధర కోస్తారు, 12 దాటితే ప్రభుత్వ కాటన్ కార్పొరేషన్ (సీసీఐ) కొనదు. ఆ మీటరు కొనేవాడి చేతిలో ఉందని రైతుకు తెలుసు, అందుకే కళ్లు దాని మీదే ఉంటాయి. అదే మనిషి కొడుకు కొన్న ట్రెడ్‌మిల్ తెర మీద "320 కేలరీలు" అని పడితే మారు మాట్లాడడు. ఆ మీటరు అమ్మినవాడిదన్న సంగతి తోచదు.

తోచకపోవడానికి కారణం తెలివి తక్కువ కావడం కాదు. కొలత అలవాటు కావడానికి కాలం పడుతుంది. 1956 చట్టంతో కిలో వచ్చినా, మానిక, తవ్వ, సోల నాలుక మీద ఇంకా ఎన్నేళ్లున్నాయో పెద్దవాళ్లకు గుర్తే. కేలరీకి ఇక్కడ ఇంకా ఆ అలవాటు రాలేదు. అరవై కిలోల మనిషి సమతలం మీద గంటకు ఐదు కిలోమీటర్ల చొప్పున ఒక గంట నడిస్తే ఖర్చయ్యేది రెండు వందల కేలరీలకు అటూ ఇటూ. ఒక కిలో కొవ్వులో ఉన్నవి సుమారు 7,700. తిండి మారకపోతే ఒక కిలో తగ్గడానికి నలభై గంటల దాకా నడవాలి. చాలా యంత్రాలు మనిషి బరువు కూడా అడగకుండా, ఏదో ఒక బరువు ఊహించుకుని అంకె వేస్తాయి. వీటికి ఐఎస్ఓ 20957 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. అందులో హెచ్ అంటే ఇంటి వాడకం, ఏ, బీ, సీ అన్నవి కొలత కచ్చితత్వపు తరగతులు, సీ అట్టడుగుది. ఆ తరగతి యంత్రం చూపే అంకెను నమ్మి లెక్కలు కట్టకూడదని తయారీదారు తనే ఒప్పుకుంటున్నాడన్నమాట. మాన్యువల్‌లో మూలన హెచ్‌సీ అన్న ఆ రెండక్షరాలు కనిపిస్తే వాటి అర్థం ఇదీ. అమ్మకం పేజీలో మాత్రం ఆ మాట కనపడదు.

తెలిసిన కొలత ఒకటి ఉంది. హెచ్‌పీ.

జనగామ మెట్ట ప్రాంతం. వర్షం నమ్మకం లేనిది, నీళ్లన్నీ బోర్లవే. తెలంగాణలో ఇరవై లక్షలకు పైగా వ్యవసాయ మోటర్లున్నాయి. మూడు హెచ్‌పీ, ఐదు హెచ్‌పీ, ఏడున్నర అన్న మాటలు అక్కడ బడి మొహం చూడని ముసలమ్మకు కూడా అంకెలు కావు, నీళ్లు. ఎన్ని అడుగుల నుంచి ఎన్ని ఇంచుల నీళ్లు పోస్తుంది, లో ఓల్టేజిలో కాయిల్ ఎప్పుడు కాలుతుంది, రీవైండింగుకు ఎంతవుతుంది. ఐదు హెచ్‌పీకి త్రీఫేజ్ కావాలని పిల్లలకు తెలుసు. చెల్పూరులో 1,100 మెగావాట్ల కాకతీయ థర్మల్ కేంద్రం నీడలో ఉన్నవాళ్లకు కరెంటు పాఠం చెప్పేదేముంది?

ట్రెడ్‌మిల్ కథ చిన్నది. ఖైదీల చేత తొక్కించడానికి విలియం క్యూబిట్ 1818లో ఇంగ్లండు జైలు కోసం చేసిన చక్రం పేరే ఇవాళ్టి యంత్రానికి తగులుకుంది. గుండె పరీక్ష కోసం మోటరుతో తిరిగే పట్టీని 1952లో సియాటిల్‌లో రాబర్ట్ బ్రూస్, వేన్ క్వింటన్ రూపొందించారు. 1960ల చివర విలియం స్టాబ్ దాన్ని ఇళ్లకు తెచ్చాడు. మన దగ్గర అది సంపన్నుల ఇళ్లు దాటి మామూలు ఇళ్లకు చేరింది ఆన్‌లైన్ అమ్మకాల కాలంలో, ముఖ్యంగా 2020 మార్చి 25న లాక్‌డౌన్ పడి జిమ్ములు ఆగస్టు దాకా మూతపడ్డాక. ఆ పెట్టెల మీద "4 హెచ్‌పీ పీక్", "5 హెచ్‌పీ పీక్" అని రాతలు మొదలయ్యాయి.

ఒక హెచ్‌పీ అంటే 746 వాట్లు. ఇంట్లో టీవీకి, ఫ్యానుకు వాడే ఆరు ఆంపియర్ల సాకెట్టు 230 ఓల్టుల దగ్గర ఇవ్వగలిగింది 1,380 వాట్లు, అంటే రెండు హెచ్‌పీకి కూడా తక్కువ. పదహారు ఆంపియర్ల పవర్ ప్లగ్గు ఇచ్చేది 3,680 వాట్లు, నష్టాలేవీ లేవనుకున్నా ఐదు హెచ్‌పీ నిండదు. "పీక్" అన్నది మోటరు ఒక్క క్షణం గుంజే కరెంటుకు కట్టిన పేరు. బోరు మోటరు కూడా స్టార్టింగులో అలాగే గుంజుతుంది, ఆ గుంజుడు చూసి దానికెవరూ హెచ్‌పీ కట్టరు. నిలకడగా, గంటల తరబడి, వేడెక్కకుండా ఇవ్వగలిగినదే హెచ్‌పీ. అమెరికాలో ఈ లెక్కతోనే నాటిలస్ కంపెనీ మీద వినియోగదారులు దావా వేశారు. అక్కడి ఇంటి ప్లగ్గు ఇవ్వగలిగినదానికి మించి నిరంతర హెచ్‌పీ ఇస్తామని ప్రకటించారన్నది ఆరోపణ. కంపెనీ తప్పు ఒప్పుకోలేదు, 42.5 లక్షల డాలర్లకు 2022లో రాజీ పడింది. ఒక సబ్‌మెర్సిబుల్ మోటరు మీద ఐదని రాసి రెండు హెచ్‌పీ నీళ్లు పోయిస్తే రఘునాథపల్లి రైతు దాన్ని దుకాణం ముందు దించి పంచాయితీ పెడతాడు. అదే అబద్ధం ఇంట్లోకి వ్యాయామ యంత్రమై వచ్చేసరికి చెల్లిపోతోంది. తెలిసిన కొలతే, చోటు మారేసరికి గుర్తుపట్టలేకపోతున్నాం.

డంబెళ్ల సంగతి కూడా ఇంతే. పెంబర్తి ఇత్తడి పనివాళ్ల జిల్లాలో లోహం తూకం తెలియనివాళ్లు లేరు. ఇరవై కిలోల సెట్టు అని వచ్చే చవక పళ్లేలు చాలా వరకు ప్లాస్టిక్ తొడుగులో సిమెంటు. అది తప్పేమీ కాదు, బరువు బరువే, చెప్పి అమ్మితే. పెట్టె మీద తయారీదారు పేరు, నికర పరిమాణం, ఎమ్మార్పీ, దిగుమతి సరుకైతే ఏ దేశానిదో ఉండాలని 2011 నాటి ప్యాకేజీ నియమాలు చెబుతున్నాయి. ఎన్ని కిలోలని రాశారో అన్ని కిలోలు తూగాలి. కాంటా ఏ కిరాణా కొట్టులోనైనా ఉంటుంది.

అబద్ధాల్లో అన్నింటికంటే బరువైనది ప్రమాదాన్ని దాచడం. 2021 ఏప్రిల్‌లో పెలోటాన్ కంపెనీ ట్రెడ్ ప్లస్ యంత్రం కిందికి పిల్లలు ఈడ్చుకుపోతున్నారని అమెరికా వినియోగ వస్తువుల భద్రతా సంస్థ హెచ్చరిస్తే, ఆ హెచ్చరికే తప్పుదారి పట్టించేదని కంపెనీ ఎదురుతిరిగింది. ఒక చిన్నారి అప్పటికే ప్రాణం పోగొట్టుకుంది. మే 5న సుమారు 1,25,000 యంత్రాలు వెనక్కి తీసుకుంటూ, మొదట అలా మాట్లాడినందుకు కంపెనీ అధిపతి క్షమాపణ చెప్పాడు. 2023 జనవరిలో 1.9 కోట్ల డాలర్ల పైన జరిమానా పడింది. 2025 జూన్‌లో బౌఫ్లెక్స్ పేరుతో అమ్మిన, బరువు మార్చుకునే డంబెళ్లు సుమారు 38 లక్షలు వెనక్కి పిలిచారు, ఎత్తుతుండగా పళ్లేలు ఊడిపడుతున్నాయని. పేరున్న కంపెనీల సరుకు ఇలా ఉంటే, పేరే లేని పెట్టెను ఎవరు వెనక్కి పిలుస్తారు? మన 2019 చట్టం కింద వచ్చిన కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు ఆ అధికారం ఉంది. తప్పుదోవ పట్టించే ప్రకటనకు పది లక్షల దాకా, మళ్లీ చేస్తే యాభై లక్షల దాకా జరిమానా వేయగలదు, ఆ ప్రకటనలో కనిపించిన పేరున్నవాళ్లను కూడా ఏడాది నుంచి మూడేళ్ల దాకా ఆపగలదు. కొన్నవాడు తన ఊరున్న జిల్లాలోనే కేసు పెట్టుకోవచ్చు, ఐదు లక్షల లోపు సరుకైతే రుసుము లేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోను చేయవచ్చు. ఇవన్నీ పుస్తకంలో ఉన్నాయి. చంటిపిల్లలున్న చిన్న ఇంట్లో, గోడకానుకుని నడిచే పట్టీ వెనక ఎంత ఖాళీ వదలాలో తెలుగులో నాలుగు ముక్కలు పెట్టె మీద రాయమని అడగడానికి ఇంకే చట్టం కావాలి?

జనగామలో, మానుకోటలో, భూపాలపల్లిలో రీవైండింగు షాపు లేని బజారు ఉండదు. ఆ షాపులో టాంగ్ టెస్టర్ ఉంటుంది, తీగను తెంచకుండా చుట్టూ కరిచిపట్టి ఎన్ని ఆంపియర్లు పోతున్నాయో చూపే పనిముట్టు. ట్రెడ్‌మిల్ మీద మనిషిని నడిపించి, ఎక్స్‌టెన్షన్ తీగలో ఫేజు ఒక్కదాన్నే విడదీసి దాన్ని తగిలిస్తే ఒక అంకె పడుతుంది. మూడు ఆంపియర్లు పడిందనుకుందాం. 230తో హెచ్చవేస్తే 690, 746తో భాగిస్తే ఒక హెచ్‌పీకి లోపే. మెకానిక్ ఆ లెక్కను నోటితోనే చేస్తాడు, రోజూ చేసేదే. పక్కన గోడకు ఆనించిన అట్టపెట్టె మీద "5 హెచ్‌పీ" అని ఉంటుంది.